ఒక చక్రం తిరుగుతుంది, ఒక చక్రం కదలదు



రాత్రి మంచి పదును వాన పడిందనుకోండి. తెల్లవారేసరికి ట్రాక్టరు చేలోకి దించారు. నాలుగు సాళ్లు బాగానే నడిచింది. గట్టు పక్కన నీళ్లు నిలిచిన మూలకు వచ్చేసరికి ఎడమ చక్రం గిరగిర తిరగడం మొదలుపెట్టింది. బురద ఎగజిమ్ముతున్నది. కుడి చక్రమేమో గట్టినేల మీద బండరాయిలాగా నిలిచిపోయింది. బండి జానెడు కూడా ముందుకు పోదు. తోలే పిల్లవాడు ఆత్రంకొద్దీ యాక్సిలరేటరు ఇంకా తొక్కాడు. ఎడమ చక్రం మూరెడు లోతుకు దిగిపోయింది. ఇక ఊరిలోకి పోయి ఇంకొకరి ట్రాక్టరును బతిమాలి తేవాలి, గొలుసు వెతకాలి. ఆ పూట పోయినట్లే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఒక పూట పోవడం చిన్న సంగతి కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మన ఎర్రనేలలు నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచవు. ఎండ కాసిందంటే రెండు మూడు రోజులలో పైపదును ఆరిపోతుంది. ఆ లోపల శెనక్కాయ విత్తనం భూమిలో పడాలి. పడకపోతే మళ్లీ మబ్బు వైపు చూడవలసిందే. అందుకే చక్రం ఊరికే తిరగకుండా చూసుకోవడం కూడా సేద్యంలో భాగమేనని గుర్తుంచుకోవాలి.

"దీనికి మందు పెద్ద ట్రాక్టరే. లేదా కొత్త టైర్లు. అంత డబ్బు ఎక్కడిది?" అని మీరు అడగవచ్చు. అంత ఖర్చు అక్కరలేదు. మీ బండిలో ఇప్పటికే ఉన్న సాధనాలను సరిగ్గా వాడుకుంటే చాలావరకు పని జరుగుతుంది. ఐతే ముందు ఈ తంటా ఎందుకు వస్తున్నదో తెలుసుకోవాలి.

ఎద్దులబండిని చూడండి. ఇరుసు తిరగదు. చక్రాలు రెండూ దేనికది ఇరుసు మీద తిరుగుతాయి. మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోతుంది, లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. చక్రాలు విడివిడిగా ఉన్నాయి గనుక ఏ ఇబ్బందీ లేదు. లాగేది ఎద్దులు, చక్రాలు కావు. ట్రాక్టరు సంగతి వేరు. ఇక్కడ ఇంజను బలం వెనుక చక్రాల ద్వారానే నేలకు చేరాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే మలుపులో ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది, టైరు అరుగుతుంది, కడ్డీ మెలి తిరుగుతుంది. అందువలన వెనుక యాక్సిల్ మధ్యలో కొన్ని పళ్లచక్రాలను అమర్చారు. దీనినే డిఫరెన్షియల్ అంటారు. ఇంజను బలాన్ని ఇది రెండు చక్రాలకూ పంచుతుంది. వాటి వేగాలు మాత్రం వేరువేరుగా ఉండనిస్తుంది. ఫ్రాన్సు దేశంలో 1820ల చివరిలో ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటు చేశారు. నేటికీ సూత్రం అదే.

ఈ పంపకంలోనే మెలిక ఉన్నది. కాడికి కట్టిన ఎద్దుల జతను తలచుకోండి. కాడి నడిమధ్యన నాగలి కట్టారు. రెండు ఎద్దులూ సమంగా లాగితే కాడి తిన్నగా ఉంటుంది. ఒక ఎద్దు కాలు జారి పట్టు వదిలిందనుకోండి. రెండవది ఎంత బలమైనదైనా కాడి పక్కకు తిరుగుతుందే గాని నాగలి ముందుకు సాగదు. నడిమధ్యన కట్టిన కాడి మీద బలమైన ఎద్దు కూడా బలహీనమైన ఎద్దు లాగినంతే లాగగలదు. డిఫరెన్షియల్ సరిగ్గా ఆ కాడి వంటిదే. ఏ చక్రానికి పట్టు తక్కువో దాని పట్టుకు సమానమైన బలమే రెండవ చక్రానికీ ఇస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఇవి పోల్చుకోవడానికి వేసుకున్న అంకెలే సుమా. గట్టినేల మీది కుడి చక్రం 400 కిలోల బలంతో నెట్టగలదు. బురదలోని ఎడమ చక్రానికి 60 కిలోల పట్టే ఉన్నది. మొత్తం 460 కిలోలు రావాలి గదా అనుకుంటాము. రాదు. ఎడమకు 60, కుడికీ 60, మొత్తం 120 కిలోలే వస్తాయి. కుడి చక్రం దగ్గర 340 కిలోల శక్తి ఊరికే మిగిలిపోయింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఈ 120 పెరగదు. పైగా తిరుగుతున్న చక్రం నేలను తవ్వుకుపోయి, ఆ 60 కిలోల పట్టు కూడా 40కి, 30కి దిగుతుంది. ఎక్కువ తొక్కినకొద్దీ ఎక్కువ కూరుకుపోవడానికి కారణం ఇదే.

మరి ఆ మిగిలిన 340 కిలోలను రాబట్టడం ఎట్లా? ట్రాక్టరులో దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. రెండింటికీ పైసా ఖర్చు లేదు.

మొదటిది డిఫరెన్షియల్ లాక్. ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి సీటు దగ్గర మడమతో తొక్కే చిన్న పెడల్ ఉంటుంది. దానిని తొక్కితే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్లు కలిసి తిరుగుతాయి. అప్పుడు పై లెక్కలో 460 కిలోలూ వస్తాయి. ఇంత మంచి సాధనం ఎన్నో బండ్లలో తుప్పు పట్టి, మట్టి పట్టి, కదలకుండా పడి ఉంటుంది. తోలేవారికి అది ఎందుకో తెలియదు. ఈ రోజే మీ బండిలో అది కదులుతున్నదో లేదో చూడండి. మన్ను గీకి, కీళ్లకు నూనె వేయండి. తొక్కి వదిలితే స్ప్రింగు దానిని వెనుకకు తేవాలి.

వాడే పద్ధతి చెబుతాను. బురద కనిపించినప్పుడు, చక్రం జారకముందే బండి నెమ్మదించి, స్టీరింగు తిన్నగా పెట్టి, క్లచ్ తొక్కి, లాక్ వేసి, క్లచ్ మెల్లగా వదలండి. చక్రం గిరగిర తిరుగుతుండగా లాక్ వేయరాదు. వేస్తే లోపలి పళ్లు విరుగుతాయి. గట్టినేల దొరకగానే కాలు తీసేయండి. లాక్ వదలకపోతే క్లచ్ ఒకసారి తొక్కండి. అప్పటికీ రాకపోతే కుడి బ్రేకునూ ఎడమ బ్రేకునూ ఒకదాని తరువాత ఒకటి తేలికగా తాకించండి. లాక్ వేసి ఉండగా మలుపు తిప్పరాదు. బండి తిరగనంటుంది, తిన్నగా గట్టు మీదికో బావిలోకో పోతుంది. తారురోడ్డు మీద లాక్ మాట తలపెట్టనే రాదు.

రెండవ మార్గం బ్రేకు. ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒక బ్రేకు, ఎడమ చక్రానికి ఒక బ్రేకు ఉన్నాయి. చేలో పొట్టి మలుపులు తిప్పడానికి వాటిని వాడడం మీకు తెలుసు. ఎడమ చక్రం జారుతుంటే ఎడమ బ్రేకును మెల్లగా అదిమి చూడండి. ఆ బ్రేకు 150 కిలోల అడ్డు పెట్టిందనుకుందాం. బురద పట్టు 60, బ్రేకు అడ్డు 150, వెరసి 210. డిఫరెన్షియల్ న్యాయం ప్రకారం కుడి చక్రానికీ 210 ఇవ్వవలసిందే. ఎడమది నేలను 60తో నెడుతుంది, కుడిది 210తో నెడుతుంది. మొత్తం 270 కిలోలు. మొదటి 120తో పోల్చండి. బ్రేకు వేస్తే బండి ముందుకు పోతుందా అని నవ్వకండి. పోతుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి గదా. ఇప్పటి కార్లలో చాలావాటికి చక్రం జారినప్పుడు దాని బ్రేకును తానే పట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. అక్కడ యంత్రం చేసే పనినే ఇక్కడ మీ కాలు చేస్తుంది.

ఐతే బ్రేకును అదేపనిగా పట్టి ఉంచరాదు, వేడెక్కి లైనర్లు కాలిపోతాయి. కొద్దిగా అదిమి, వదిలి, మళ్లీ అదమాలి. చక్రానికి పట్టు దొరకగానే బండి బ్రేకు పట్టిన వైపుకు లాగుతుంది, జాగ్రత్త. పని ముగించి రోడ్డు ఎక్కేముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం తప్పక వేయండి. రోడ్డు మీద వేగంగా పోతూ ఒక్క పక్క బ్రేకు పట్టితే బండి గిరుక్కున తిరిగి బోర్లా పడుతుంది.

ఇవి కూరుకుపోయే చోట వాడే ఉపాయాలు. అసలు జారకుండా ముందే చేసుకోవలసిన పనులు ఉన్నాయి. పైన చెప్పిన లెక్కను మళ్లీ చూడండి. లాక్ వేయనప్పుడు మొత్తం బలం బలహీన చక్రం పట్టుకు రెండింతలు. కాబట్టి బలహీన చక్రానికి 10 కిలోల పట్టు పెంచితే మొత్తంలో 20 కిలోలు పెరుగుతాయి. బలహీనుడికి పెట్టిన గాసం రెండింతలై తిరిగి వస్తుందన్నమాట.

మొదట గాలి సంగతి. రోడ్డు మీద ట్రాలీ లాగడానికి నింపిన గాలితోనే చేలో దిగితే టైరు ఉబ్బి, నడిమి భాగమే నేలను తాకుతుంది. దుక్కికి బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన తక్కువ గాలి ఉంచండి. మామూలు రెండు చక్రాల డ్రైవు ట్రాక్టరు వెనుక టైర్లకు దుక్కిలో సాధారణంగా 12 నుండి 14 పౌండ్లు చెబుతారు. అప్పుడు టైరు వెడల్పుగా నేల మీద పరుచుకుంటుంది, ఎక్కువ గుబ్బలు మన్నును పట్టుకుంటాయి. రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. పని అయ్యాక బరువు తోలేముందు మళ్లీ నింపాలి. తక్కువ గాలితో బరువు లాగితే టైరు పక్కలు చీలిపోతాయి.

రెండవది బరువు. చక్రం నేలను అదిమినకొద్దీ పట్టు పెరుగుతుంది. ఇనుప బరువులు కొనలేకపోతే టైరులో నీళ్లు నింపండి. బండిని జాకీ మీద ఎత్తి, వాల్వు పైకి వచ్చేటట్లు చక్రం తిప్పి, వాల్వు మట్టం దాకా శుభ్రమైన నీళ్లు పట్టండి. టైరు ముప్పాతిక వంతు నిండుతుంది. మిగిలిన చోట గాలి కొట్టాలి. 13.6–28 కొలత టైరులో ఈ విధంగా రమారమి 180 నుండి 200 లీటర్లు పడతాయి. అంటే ఒక్కొక్క చక్రానికి అన్ని కిలోల బరువు నీటి ఖర్చుతోనే వచ్చింది. చలిదేశాలలో నీళ్లు గడ్డకడతాయని కాల్షియం క్లోరైడు కలుపుతారు. మన ఎండలకు ఆ బాధ లేదు. పంక్చరు వేసేవారికి మాత్రం టైరులో నీళ్లు ఉన్న సంగతి ముందే చెప్పండి.

బరువు మంచిది గదా అని మితిమీరి పెట్టకండి. ఎర్రనేల తడి మీద ఉన్నప్పుడు బరువైన చక్రం కింద అణిగిపోయి గట్టిపడుతుంది. శెనక్కాయ ఊడ దిగదు, వాన నీరు ఇంకదు. విత్తనం పనికి, తేలిక పనికి నీళ్లు తీసేయడం మేలు. అట్లాగే బండి మొత్తం బరువులో కనీసం ఐదవ వంతు ముందు చక్రాల మీద ఉండాలి. లేకపోతే స్టీరింగు మాట వినదు, ముందు భాగం పైకి లేస్తుంది.

మూడవది హైడ్రాలిక్ లివరు. డ్రాఫ్ట్ కంట్రోల్ ఉన్న బండిలో దుక్కి దున్నేటప్పుడు దానినే వాడండి. గట్టినేల తగిలినప్పుడు అది కల్టివేటరును కొంచెం పైకి పట్టి, పనిముట్టు బరువునూ నేల లాగే బరువునూ వెనుక చక్రాల మీదికి తెస్తుంది. చాలామంది దీనిని వదిలి, లోతు ఒకటే ఉంచే పొజిషన్ కంట్రోల్‌తోనే దున్నుతారు. చేతి దగ్గర ఉన్న బలాన్ని వదులుకోవడమే అది.

నాలుగవది టైరు గుబ్బలు. అరిగిన గుబ్బల మధ్య మన్ను పేరుకుంటే టైరు నున్నటి గుండ్రాయి అవుతుంది. టైరు తిరగేసి బిగించినా పట్టు తగ్గుతుంది. టైరు పక్కన ఉన్న బాణం గుర్తు బండి పోయే దిక్కు చూపాలి. ఒక పక్క కొత్త టైరు, ఒక పక్క పాత టైరు వేస్తే వాటి చుట్టుకొలత వేరవుతుంది. తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ లోపలి పళ్లు ఊరికే తిరిగి అరిగిపోతాయి.

ఈ పనులు చేశాక లాభం ఎంతో ఎట్లా తెలుస్తుంది? దీనికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. వెనుక టైరు మీద సున్నంతో గీత పెట్టండి. కల్టివేటరు పైకి ఎత్తి చేలో నడిపి, చక్రం 10 చుట్లు తిరిగితే ఎంత దూరం పోయిందో అడుగులతోనో టేపుతోనో కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకోండి. తరువాత దున్నుతూ మళ్లీ 10 చుట్లు కొలవండి. 34 మీటర్లు వస్తే 6 మీటర్లు జారిపోయాయి. 40కి 6, అంటే నూటికి 15. దుక్కిలో నూటికి 8 నుండి 15 దాకా జారుడు ఉండడం సహజమే. 28 మీటర్లే వస్తే జారుడు నూటికి 30. పది గంటల డీజిలు కాల్చి ఏడు గంటల దూరం నడిచినట్లు. గాలి, బరువు, లోతు సరిచూసుకోండి. జారుడు మరీ తక్కువై 39 మీటర్లు వస్తే బరువు ఎక్కువైందని అర్థం. కొంత తీసేయండి.

ఇక జీపులు, పికప్ బండ్లు ఉన్నవారికి ఒక మాట. ఈ బండ్లలో కొన్నింటి వెనుక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఇది పూర్తిగా బిగించదు, పూర్తిగా వదలదు. కాడిని మధ్యలో కాక బలమైన ఎద్దు వైపు జరిపి కట్టినట్లు, పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ వాటా ఇస్తుంది. కొన్నింటిలో స్ప్రింగులతో అదిమిన పలకలు ఈ పని చేస్తాయి, కొన్నింటిలో పళ్లచక్రాలే చేస్తాయి. పళ్లచక్రాల రకం బలహీన చక్రం పట్టుకు రెండింతలో మూడింతలో రెండవ చక్రానికి ఇస్తుంది. ఐతే ఒక చక్రం గాలిలో లేచి పట్టు సున్నా అయితే, సున్నాకు మూడింతలు కూడా సున్నాయే. అప్పుడు చేతిబ్రేకును ఒకటి రెండు గీతలు పైకి లాగి, మెల్లగా క్లచ్ వదలండి. తిరిగే చక్రానికి కొంత అడ్డు దొరుకుతుంది, ఆ అడ్డుకు మూడింతలు రెండవ చక్రానికి చేరుతుంది. ట్రాక్టరుకు చెప్పిన బ్రేకు ఉపాయమే ఇది. బండి కదలగానే చేతిబ్రేకు దించడం మరువరాదు.

పలకల రకంలో పట్టు తగ్గితే వెంటనే కొత్త డిఫరెన్షియల్ కొనకండి. ముందు నూనె చూడండి. ఈ రకానికి తయారీదారు చెప్పిన నూనే పోయాలి, ఏది దొరికితే అది పోస్తే పలకలు సరిగ్గా పనిచేయవు. అప్పటికీ బాగుపడకపోతే పలకలు అరిగాయేమో మెకానిక్ చేత చూపించండి. లాక్ గాని ఈ రకం డిఫరెన్షియల్ గాని ఉన్న బండిని ఒక చక్రమే జాకీ మీద ఎత్తి, గేరులో ఇంజను నడపరాదు. నేల మీది చక్రం బండిని జాకీ మీది నుండి దూకిస్తుంది. తక్కువ ఖర్చని లోపలి పళ్లను వెల్డింగు చేయించేవారున్నారు. ఆ పని వద్దు. మలుపు తిరగని బండి రోడ్డు మీద మనిషిని చంపుతుంది, యాక్సిల్‌నూ విరుస్తుంది.

చివరిగా అన్నింటికన్నా ముఖ్యమైన మాట. వేసవిలో ధర్మవరం, బుక్కపట్నం చెరువుల వంటి చోట్ల మన్ను తోలేటప్పుడూ, చిత్రావతి, పెన్న ఇసుక దాటేటప్పుడూ బండి దిగబడితే మొండితనం చేయకండి. చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగించడం చాలామంది చేసే పని. చక్రాలు కదలనప్పుడు ఇంజను బలం బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టరు వెనుకకు తిరగబడడానికి ఒకటి రెండు క్షణాలు చాలు. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. అందుచేత మొదట ట్రాలీ విప్పండి, చక్రాల వెనుక మన్ను పారతో తీయండి, కంపో గోనెసంచులో పరచండి, లాక్ వేసి వచ్చిన దారినే వెనుకకు రండి. గొలుసు ఎప్పుడూ కింది డ్రాబారుకే కట్టండి, పైన టాప్‌లింకు చోట కట్టరాదు. పెనుకొండ కొండవాలు చేలలో అడ్డంగా పోయేటప్పుడు ఎగువ చక్రం తేలికై జారుతుంది. అక్కడ వేగం తగ్గించడమే మందు.

తోలే పిల్లలకు ఇవన్నీ చేతితో చేయించి నేర్పాలంటే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వారి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. పని లేని నెలలలో అక్కడ విచారించండి.

ఈ సారి పదును వాన పడకముందే ఒక సాయంకాలం ట్రాక్టరు పక్కన కూర్చోండి. లాక్ పెడల్ కదులుతున్నదా? రెండు బ్రేకులూ సమంగా పట్టుతున్నాయా? గాలి సమానంగా ఉన్నదా? ఈ మూడూ చూసుకుంటే, తెల్లవారి చేని మూలలో మీ బండి గొలుసు కోసం ఎదురుచూడకుండా గొర్రు వెంట నడుస్తుంది. విత్తనం పదునులోనే పడుతుంది.

సెలవు.